ఏడు శాతం అంగూర్

మేడ్చల్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే ఎస్తేరు మేడం, విద్యార్థులను పల్లెల్లో సర్వేకు పంపే ముందు ఒకటే అడుగుతుంది: ఖాళీ సంచి తీసుకెళ్తున్నారా అని. పిల్లలు నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వదు. ఒకప్పుడు ఆమె చదువు అలాంటి సంచి దగ్గరే ఆగిపోబోయింది.

అది 1996. కౌకూర్ ఊళ్లో ప్రభుదాసు కూతురిగా, చర్చిలో పాటలు పాడే అమ్మాయిగానే ఆమె అందరికీ తెలుసు. అంగూర్, అంటే ద్రాక్ష, పరాయి దేశాలకు ఎగుమతి అయితే పల్లెకు మిగిలేదేమిటన్నది ఆమె పీహెచ్‌డీ పరిశోధన. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, అమ్మ కట్టిచ్చిన రొట్టె సంచిలో వేసుకుని, షామీర్‌పేట చుట్టూ ముప్పై తోటలు తిరిగింది. సాయంత్రానికి సంచిలో రొట్టె ఉండేది కాదు, అంగూర్ ఉండేవి. వద్దన్నా వినకుండా ప్రతి తోటలోనూ రెండు గుత్తులు వేసేవారు. ఇంట్లో తినగా మిగిలినవి గైడ్ యజ్ఞనారాయణగారికి ఇచ్చేది.

లెక్కలో వంద బుట్టలు కోస్తే తొంభై మూడే బండెక్కాయి. మిగతా ఏడూ ఖరాబైనయని ముప్పై తోటల వాళ్లూ కూడబలుక్కున్నట్టు చెప్పారు. ఎస్తేరు నమ్మింది. నష్టం తగ్గాలంటే శీతల గిడ్డంగులు కట్టాలని ఒక అధ్యాయం మొత్తం రాసింది. అదంటే ఆమెకు మహా ముద్దు.

యజ్ఞనారాయణగారు తప్పు చూపించే ముందు టీ తెప్పించే మనిషి. మరుసటి ఫిబ్రవరిలో ఒకరోజు టీతో పాటు సమోసాలు కూడా తెప్పించారు. తప్పు పెద్దదేనని ఎస్తేరుకు అర్థమైంది.

"ఈ చలికి, పొద్దున కోసి మధ్యాహ్నం బండెక్కించే పండు ఎట్లా కుళ్లుతుందమ్మా?"

మార్చి నెలాఖరుకల్లా సిద్ధాంత గ్రంథం ఇవ్వకపోతే నాలుగేళ్ల శ్రమ నీళ్లపాలే.

మర్నాడే, ఆ ముప్పై తోటల్లో ఒకటైన దేవరయాంజాల్ సిద్దిరాములు తోటకు వెళ్లి, కోత జరుగుతుంటే రోజంతా పందిరి కింద కూర్చుంది. ఒక్క గుత్తీ కుళ్లలేదు. కోతకొచ్చిన ఆడవాళ్ల కొంగుల్లోకి కొన్ని పోయాయి. స్టాపు కాకపోయినా కూలీల కోసం బస్సు ఆపే డ్రైవరుకు కొన్ని. కాలు విరిగి మంచాన పడ్డ గాలయ్యకు ఒక బుట్టెడు. సీతారామస్వామి గుడికి పోయే బుట్టను ఎస్తేరే ఒక పక్క పట్టి గడపదాకా మోసింది. నలభై బుట్టలు కోస్తే బండెక్కినవి ముప్పై ఏడు.

"కాకా, ఒక్కటన్న కుళ్లలే. ఖరాబైనయని ఎందుకు జెప్పినవ్?"

సిద్దిరాములు రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. దొంగతనం బయటపడ్డట్టుంది ఆయన ముఖం.

"మరేం జెప్పాలె బిడ్డా? గాలయ్యకు గిన్ని ఇచ్చిన, డ్రైవర్‌కు గన్ని ఇచ్చిన అని కాయితంల ఎక్కించుకుంటరా ఎవలన్న? సిగ్గుగాదా?"

"నువ్వు జెప్పకుంటే నేను ఫేలైత కాకా."

ఆయన మెత్తబడ్డాడు.

"గట్లయితే రాసుకో. నా పేరు మాత్రం ఎయ్యకు. ఇగ నీ సంచిల వోసినయి గూడ రాస్తవా మరి?"

ఎస్తేరు ఆ గుత్తులనూ లెక్కలో కలుపుకుంది. మిగతా ఇరవై తొమ్మిది తోటలూ మళ్లీ తిరిగింది. పేరు వేయనంటేనే అందరూ చెప్పారు. ముద్దుల అధ్యాయాన్ని చించి, పల్లెలో పంచుకునే ఆ ఏడు శాతం మీద కొత్తది రాసి, మార్చి ముప్పై ఒకటిన గ్రంథం ఇచ్చింది.

వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు, ఈ పండ్లు నిజంగా పంచారనడానికి సాక్ష్యమేమిటని నిలదీశారు. కొన్ని తాను తిన్నానని, కొన్ని గైడ్‌గారికి ఇచ్చానని ఎస్తేరు మెల్లగా చెప్పింది. యజ్ఞనారాయణగారు కళ్లద్దాలు సర్దుకుని, తియ్యగానే ఉన్నాయని ఒప్పుకున్నారు. నవ్వుల మధ్యే పట్టా ఖాయమైంది.

మళ్లీ కోతల కాలం వచ్చాక, బైండు చేసిన గ్రంథాన్ని ఆమె మొదట సిద్దిరాములుకే తీసుకెళ్లింది. ఆయనకు చదువు రాదు. మనవరాలు అశ్రితను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి పేజీలో తన పేరు వెతికించాడు. కృతజ్ఞతల పేజీలో కూడా లేదని తేలాక తృప్తిగా లేచి, కత్తెర తీసుకుని పందిరి కిందికి నడిచాడు.

ఎస్తేరు సంచి విప్పి పట్టుకుంది.