రెండో కొర్రమట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి మీద ఏ చేప ఉడుకుతోందో చూసి ఏ కాలం నడుస్తోందో చెప్పేయొచ్చు. చలికాలంలో ఎండ బాగా ఎక్కాక పడే రవ్వలు, ఎండాకాలం నీళ్లు అడుగంటాక బురదలో దొరికే జెల్లలు, మధ్యలో ఎప్పుడైనా వేపుడుకి నాలుగు చిన్న పరకలు. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, హైదరాబాదులో ఊరంతా చేప తింటుంది, మేమూ తినేవాళ్లం. ఆ మర్నాడు పొద్దున్నే మా తాత గాలాలన్నీ తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టేసేవాడు. మళ్లీ దసరా దాకా వాటిని ముట్టేవాడు కాదు. వానలు పడ్డాక చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకుంటాయి, అప్పుడు వాటి జోలికి పోకూడదు. ఈ నియమం ఆయనకి ఎవరు నేర్పారో నాకు తెలియదు. రైల్వే వర్క్‌షాపులో పని కోసం పల్లె వదిలి వచ్చినప్పుడే వెంట తెచ్చుకున్నాడనుకుంటాను.

లాలాగూడలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. తాత అప్పటికే రిటైరయ్యాడు. మా నాయన తార్నాక అవతల ఒక ఫ్యాక్టరీలో టెంపరరీ. ఏడేళ్లుగా టెంపరరీ. కొన్నాళ్లు పని చేయించుకుని, తీసేసి, పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ కొత్తవాడిని తీసుకున్నట్టు తీసుకునేవాళ్లు. ఆయనకి ఛాతీలో ఏదో పట్టేసింది, ఎప్పుడూ దగ్గే. పర్మినెంట్ అయితే కంపెనీ ఆస్పత్రిలో చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, మందులిస్తారు. కాకపోతే ఏమీ లేదు. మా ఇంట్లో ‘పర్మినెంట్’ అన్న మాటని దేవుడి పేరంత భక్తిగా పలికేవాళ్లు. నాకు పదేళ్లు. ఆ మాటకి అర్థం సరిగ్గా తెలియకపోయినా, అదొస్తే నాయన దగ్గు పోతుందని మాత్రం తెలుసు.

యూనివర్సిటీ క్యాంపస్ వెనక ఒక పెద్ద చెరువు ఉండేది. ఇప్పుడూ ఉంది, గుర్రపుడెక్క కింద. తాత నన్ను వెంటబెట్టుకుని రైలు పట్టాలు దాటి, బండల మధ్య దారిలో అక్కడికి తీసుకెళ్లేవాడు. ఎరకి ఎర్రలు తవ్వడం నా పని. బెండు మునిగితే అరవకుండా ఆయన మోకాలు తట్టడం కూడా నా పనే. ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని నాయనమ్మ సణిగేది. తాత వింటే కదా!

ఆ గట్టు మీదికి సాయంత్రాలు షికారుకి వచ్చే ఒక పెద్దమనిషి మాకు అలవాటయ్యాడు. తార్నాకలో బంగళా, కాళ్లకి మెరిసే బూట్లు, మెత్తటి మాట. ‘ఏం పెద్దాయనా, పడ్డాయా?’ అని పలకరించి కాసేపు నిలబడి వెళ్లేవాడు. ఒకరోజు ‘పిల్లలేం చేస్తున్నారు?’ అని అడిగాడు. తాత తన కొడుకు గురించి చెప్పాడు. ఆయన నవ్వి, ఆ ఫ్యాక్టరీలో తానే పెద్ద ఆఫీసరునని చెప్పాడు. తాత గాలం కర్ర కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఇంకొకరి ముందు మా తాత అలా చేతులు కట్టుకుని నిలబడగా చూడటం నాకు అదే మొదలు. ఆ రోజు నుంచి పడ్డవాటిలో పెద్ద చేప సారుకి వెళ్లేది. రెండు చలికాలాలు అలాగే గడిచాయి. మా వాటాకి పరకలు మిగిలేవి. నాయనమ్మ వాటితోనే పులుసు పెట్టేది, పల్లెత్తు మాట అనేది కాదు. ఆమెకీ ఆశే మరి.

ఆ యేడు వానలు తొందరగా పడ్డాయి. గాలాలు దూలం మీదికి ఎక్కాయి. అయినా చెరువు మొహం చూడకపోతే తాతకీ నాకూ తోచేది కాదు. బోనాల రోజుల్లో ఒక పొద్దున, తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రటి ముద్ద ఒకటి కదులుతూ కనిపించింది. ముందు చూసింది నేనే. కుంకుమ ఎవరో ఒలకబోశారనుకున్నాను. చూస్తుండగానే అది మునిగింది, కాసేపటికి ఇంకో చోట తేలింది. తేలినప్పుడల్లా అక్కడి నీళ్లు అన్నం ఉడికినట్టు కుతకుతలాడేవి.

‘కొర్రమట్ట పిల్లలు బిడ్డా. కింద తల్లి తండ్రి ఉన్నయి. చెయ్యి సూపకు, సప్పుడు చెయ్యకు, ఊకె సూడు’ అన్నాడు తాత. ఆ ఎరుపు పోయి నలుపెక్కేదాకా ఆ రెండూ పిల్లల్ని వదిలి పోవట. తిండి మీద కూడా ధ్యాస ఉండదట. పాము వచ్చినా, నీటికాకి వచ్చినా కింది నుంచి ఒక్క దూకు దూకుతాయట. పది రోజులు వరసగా వెళ్లి చూశాం. బడిలో నా పక్కన కూర్చునే పిల్లకి కూడా చెప్పలేదు. నేను కనిపెట్టిన ఒకే ఒక్క రహస్యం అది, దాన్ని భద్రంగా దాచుకున్నాను.

పదకొండో రోజు సాయంత్రం సారు గట్టు మీద ఎదురయ్యాడు. ఆయన కోడలికి ఆపరేషన్ అయిందట. గాయం మానాలంటే కొర్రమట్ట తినిపించమని ఎవరో చెప్పారట, అదీ చెరువుదైతేనే మంచిదట. ఇప్పుడు పట్టే కాలం కాదని తాత నసిగాడు. సారు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడేవాడు కాదు. ‘సరేలే పెద్దాయనా, నీ ఇష్టం. అన్నట్టు నీ కొడుకు పేరు లిస్టులో పెట్టించాను. సోమవారం సంతకాలు’ అని చెప్పి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక సంగతి విని, బజార్లో కొని ఇవ్వరాదా అంది నాయనమ్మ. ‘చెరువుదే గావాల్నట’ అన్నాడు. లోపలి గదిలో నాయన దగ్గుతున్నాడు. తాత కాసేపు ఆ దగ్గు వింటూ కూర్చుని, స్టూలు ఎక్కి గాలాలు దించాడు.

మర్నాడు పొద్దున నన్ను ఒక కప్పని పట్టమన్నాడు. చిన్నది, పచ్చది, బతికున్నది. ఎందుకని అడిగితే, పది రోజులుగా తల్లి ఏమీ తినలేదు కదా, దానికి తిండి పెడదామన్నాడు. మా తాత నాతో ఆడిన మొదటి అబద్ధం అది. నేను ఎగిరి గంతేశాను. గడ్డిలో మోకాళ్ల మీద పాకి, రెండు చేతుల్లో కప్పని దాచుకుని తెచ్చి సంబరంగా ఇచ్చాను. ఆయన దాన్ని గాలానికి గుచ్చుతుంటే కూడా, తిండి దూరం పోకుండా అలా కడతారేమో అనుకున్నాను. అంత నమ్మకం నాది.

కప్పని సరిగ్గా ఎర్ర ముద్ద మీద వేశాడు. అది పిల్లల మధ్య గిలగిలా తన్నుకుంది. కింది నుంచి నీళ్లు ఒక్కసారి పొంగి ఊరుకున్నాయి. మళ్లీ వేశాడు. మళ్లీ పొంగాయి. మూడోసారి వేసేసరికి నల్లటి మూతి ఒకటి పైకి లేచి కప్పని అందుకుంది. అది ఆకలి కాదని నాకు ఆ వయసులోనే అర్థమైంది. తినే చేప నోటితో లాగుతుంది, ఇది దెబ్బ కొట్టింది. తాత లాగాడు. గట్టు మీద పడ్డది నా చేయంత పొడుగుంది. నేను ఏడుస్తూ ఆయన్ని రెండు చేతులా కొట్టాను. ఆయన కొట్టించుకున్నాడు. బకెట్లో నీళ్లు పోసి, చేపని వేసి, తడి గోనె కప్పి, ‘ఇంకోటి ఉన్నది గద బిడ్డా, అది సాకుతది’ అన్నాడు. ఏడుపు ఆపుకున్నాను. నిజమే కదా అనుకున్నాను.

బకెట్ చెరో వైపు పట్టుకుని క్యాంపస్ రోడ్డు మీదుగా తార్నాక దాకా నడిచాం. సారు గేటు దగ్గరికి వచ్చి గోనె ఎత్తి చూసి చాలా సంతోషపడ్డాడు. శభాష్ పెద్దాయనా అన్నాడు. నా తల నిమిరాడు. గోనె మళ్లీ కప్పుతూ, ఏదో గుర్తొచ్చినట్టు, ‘ఇవి జోడీగా ఉంటాయంటారు కదా?’ అన్నాడు. తాత తల దించుకున్నాడు. ‘సోమవారం లోపల చూడు’ అని సారు లోపలికి వెళ్లిపోయాడు.

రెండోదాన్ని తాత ఆదివారం పట్టాడు. నన్ను రమ్మనలేదు. కానీ నేను వెనకే వెళ్లాను. ఈసారి కప్ప ఆయనే పట్టుకున్నాడు. మూడుసార్లు వెయ్యాల్సిన పని కూడా లేకపోయింది, మొదటి దెబ్బకే వచ్చింది. ఒంటరిది కదా, ఆగలేకపోయింది. ఆయన బకెట్ తీసుకుని వెళ్లిపోయాక నేను గట్టు మీదే కూర్చున్నాను. ఎర్ర ముద్ద కాసేపు అక్కడక్కడే తిరిగింది. తర్వాత చీలికలైంది. జెల్లలు కింది నుంచి వచ్చాయి, నీటికాకులు పై నుంచి వచ్చాయి. రాళ్లు విసిరాను, అరిచాను. నా కేకలు ఎవరు లెక్క చేస్తారు? మధ్యాహ్నానికి ఆ తుంగ పక్కన మామూలు నీళ్లున్నాయి.

సోమవారం సాయంత్రం లిస్టు గోడకి అతికించారు. నాయన వెళ్లి మూడుసార్లు చదువుకుని వచ్చాడు. ఆయన పేరు లేదు. తాత నన్ను తీసుకుని బంగళాకి వెళ్లాడు. నన్నెందుకు తీసుకెళ్లాడో ఇప్పుడు అర్థమవుతుంది. పిల్లని చూస్తే జాలి పడతాడనుకున్నాడు, అంతే. సారు గేటు తెరవలేదు. లోపలి నుంచే, ఈసారి పైనుంచి వేరే పేర్లొచ్చాయి, తన చేతిలో ఏమీ లేదు, వచ్చే లిస్టులో తప్పకుండా చూస్తానన్నాడు. కోడలి గాయం బాగా మానుతోందని కూడా చెప్పాడు, మేము ఆనందిస్తామనుకున్నాడు కాబోలు. ఆ తర్వాత అడిగాడు: ‘దసరాకి రవ్వలు పడతాయి కదా?’

‘పడతయి సారూ’ అన్నాడు మా తాత.

తిరిగి వచ్చేటప్పుడు క్యాంపస్‌లో ఒక చెట్టు కింద ఆయన కూలబడ్డాడు. నేను ఆయనతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు. ఆయన నా మొహం చూడకుండా నేల చూస్తూ చెప్పాడు. ‘ఆకలికి పడే చేపను పట్టుడు కష్టం బిడ్డా. కడుపు నిండితే అది పోతది. పిల్లల కోసం వచ్చేది మాత్రం ఎటూ పోదు. నన్ను గూడ గట్లనే పట్టిండు ఆయన.’ ఇది చెప్పి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

అంత తెలిసినవాడు దసరాకి గాలం పట్టనన్నాడా? పట్టాడు. పెద్ద రవ్వ సారుకే ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత నాలుగు చలికాలాలు ఇస్తూనే ఉన్నాడు. ఎరలో ముల్లుందని తెలిశాక కూడా మింగుతూనే ఉండటం అంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. మా నాయన టెంపరరీగానే దగ్గాడు, టెంపరరీగానే పోయాడు. ఆ రోజు సారు బంగళా నుంచి పరామర్శకి ఒక మనిషి వచ్చాడు, చేతిలో అరటిపళ్లు పట్టుకుని. తాత ఆ పళ్లు వీధిలోకి విసిరేశాడు. అప్పటికి తాతని పట్టడానికి ఇంక ఆయనకి పిల్లలెవరూ మిగల్లేదు.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్లు. తార్నాకలోనే ఉంటాను, పొద్దున్నే క్యాంపస్‌లో నడకకి వెళ్తాను. అక్కడ పరిచయమయ్యే మనుషులు నాలుగో రోజో ఐదో రోజో తప్పకుండా అడుగుతారు, పిల్లలేం చేస్తున్నారండీ అని. చాలామంది ఊరికే అడుగుతారు, నాకు తెలుసు. అయినా బాగున్నారండీ అని ఒక్క ముక్క చెప్పి, రెండు అడుగులు ముందుకేసి వెళ్లిపోతాను. ఆమెకి పొగరు అని నా వెనక అనుకుంటారని కూడా తెలుసు.

ఆ పొగరు ఖరీదు నేను కట్టలేదు, మా అబ్బాయి కట్టాడు. వాడు పదమూడేళ్లుగా కాంట్రాక్టు మీదే పని చేస్తున్నాడు. వాడి ఆఫీసులో మాట చెల్లే ఒకాయన నాకు నడకలోనే తెలుసు. మీ అబ్బాయి సంగతి నాకు ఒక్కసారి చెప్పండమ్మా, చూద్దాం అని తనే అడిగాడు. నేను చెప్పలేదు. ఆయన నిజంగా మంచివాడేమో కూడా. వాడికి ఇది తెలిసిన రోజు, అన్నం కంచం ముందు కూర్చుని, ‘ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేదమ్మా?’ అన్నాడు. మా తాత గురించి చెప్పబోయాను. ‘ఎప్పటి చేపలమ్మా అవి, నాకు ఇద్దరు పిల్లలున్నరు’ అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. వాడిది తప్పని నేను అనలేను. నాది ఒప్పని కూడా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. నిన్న పొద్దున ఆ పెద్దమనిషి మళ్లీ ఎదురై, మీ అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా అన్నాడు. బాగున్నాడండీ అన్నాను.