అమృతమ్మ వేసిన చెంచాడు పొడి

అమృతమ్మ ఎదుట ఎవరూ ఖాళీ కడుపుతో ఉండకూడదు. వారాసిగూడ నుంచి యూనివర్సిటీకి వస్తూ మా ల్యాబులో ప్రిస్కిల్లాకు స్టీలు డబ్బాలో పెరుగు తెస్తుంది. ప్రిస్కిల్లా తార్నాకలో గది తీసుకుని, మెస్సులో తింటూ పీహెచ్‌డీ చేస్తోంది. "బొక్కలు తేలినయి బిడ్డా, తిను" అంటుంది అమృతమ్మ, ఆ పిల్ల బక్క చేతులు చూసి. నాకు మాత్రం ఒక్కనాడూ తేలేదు. నా ఒళ్ళు చూసి అవసరం లేదనుకుందేమో.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం బ్యాక్టీరియాకు తిండి వండటం. మేమిచ్చిన కాగితం చూసి పొడులు తూస్తుంది, నీళ్ళలో కలిపి ఫ్లాస్కుల్లో పోస్తుంది, పెద్ద కుక్కరు లాంటి ఆటోక్లేవ్‌లో పెడుతుంది. ఆమె చేసిన మీడియం, అంటే ఆ తిండి, బాగాలేదన్నవాళ్ళు లేరు. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు.

ప్రిస్కిల్లా పరిశోధన పెరుగు తోడుకునేలా చేసే బ్యాక్టీరియా మీద. డీఎన్‌ఏ కట్టుకోవడానికి దానికి ప్యూరిన్లు అనే పదార్థాలు కావాలి. బయట దొరికితే అవే తీసుకుంటుంది, దొరక్కపోతే సొంతంగా తయారుచేసుకుంటుంది. పక్కింటి నుంచి కూర వచ్చిన రోజు మనం పొయ్యి వెలిగించం కదా, అలాగే. ప్రిస్కిల్లా మూడేళ్ళు కష్టపడి ఆ సొంత వంటకు కావలసిన జీన్‌ను తీసేసింది. ఇక ప్యూరిన్లు లేని మీడియంలో అది పెరగకూడదు.

పెరిగింది. ఒకసారి కాదు, ఐదుసార్లు. ఫ్లాస్కులన్నీ మజ్జిగలా తెల్లబడ్డాయి.

సోమవారం మా గైడు పార్థసారథి సార్ ఆ ఫ్లాస్కులు చూసి, "జీన్ పోనే లేదమ్మా. శుక్రవారం పీహెచ్‌డీ కమిటీకి అదే చెప్తాను. టాపిక్ మార్చుకో" అన్నారు. ప్రిస్కిల్లా ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఈ పిల్లే ఎక్కడో అజాగ్రత్త చేసి ఉంటుందని నేనూ మనసులో అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

సింకు దగ్గర సీసాలు కడుగుతున్న అమృతమ్మ కుళాయి కట్టేసింది.

"సార్, పిల్లదేం తప్పు లేదు. గా ఫ్లాస్కులల్ల ప్రతిసారి చెంచెడు ఈస్ట్ పొడి నేనే ఏసిన."

"ఎందుకు వేశావమ్మా?"

"అన్నిట్ల ఏస్తం గదా సార్. గీ కాగితంల లేకుండె. పిల్ల రాసుడు మరిచిందేమో అనుకున్న. ఒట్టి ఉప్పునీళ్ళ తీరుగ ఉన్నది, పాపం ఏం తిని బతుకుతయి అని ఏసిన."

ఈస్ట్ పొడిలో సిద్ధంగా ఉన్న ప్యూరిన్లు బోలెడు. జీన్ లేకపోయినా బ్యాక్టీరియా పెరిగింది అందుకే. సార్ కోపంగా ఆమె వైపు తిరిగారు.

"తప్పు నాదేనని రాసియ్యుమంటే రాసిస్త సార్. పిల్ల పేరు మాత్రం చెడగొట్టకుండ్రి" అంది అమృతమ్మ. రెండు నెలల్లో ఇంటికి పోయే మనిషి, నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నాకైతే ఆ ధైర్యం ఉండేది కాదు.

అసలు ఆ మీడియం ఎందుకో ఆమెకు చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళం మరి! ఆ మధ్యాహ్నం ప్రిస్కిల్లా ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. అమృతమ్మ విని, లేచి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు మళ్ళీ మీడియం చేసింది. పోల్చి చూడటానికి ప్రిస్కిల్లా ఒక ఫ్లాస్కులో మాత్రం ప్యూరిన్లు కలిపి, రెండింటిలోనూ తన బ్యాక్టీరియాను వేసింది.

గురువారం పొద్దున అందరం చేరి చూశాం. ప్యూరిన్లు కలిపిన ఫ్లాస్కు తెల్లబడింది. కలపనిది మంచినీళ్ళలా తేటగా ఉంది. "కమిటీకి ఇదే చూపిద్దాం" అన్నారు సార్. ప్రిస్కిల్లా ఎగిరి గంతేసింది.

అమృతమ్మ ఆ తేట ఫ్లాస్కును కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒక్కటన్న బతుకలేదా బిడ్డా?"

"ఒక్కటి కూడా పెరగలేదు ఆంటీ!" అంటూ ప్రిస్కిల్లా ఆమెను వాటేసుకుంది.

"మంచిదే బిడ్డా, మంచిదే" అని అమృతమ్మ ఒక చేత్తో ఆ పిల్ల వీపు నిమిరింది. రెండో చేతిలోని ఫ్లాస్కును మాత్రం చాలాసేపు కింద పెట్టలేదు.