నాలుగు వేళ్ల సందు

చేతికి అయిదు వేళ్లూ ఉన్నా ఆ చిన్న ట్రక్కు డ్రైవర్ని అందరూ నాలుగువేళ్లోడు అనేవారు. లోడు ఎక్కించాక వెనక చక్రానికీ తొట్టికీ మధ్య చెయ్యి పెట్టి చూసేవాడు. నాలుగు వేళ్లూ దూరకపోతే బరువెక్కువైనట్టే. ఇక దేవుడు దిగొచ్చినా బండి కదిలేది కాదు.

"ఇంకో రెండు బండలు వేస్తే కొంప మునుగుతుందా బావా?" అని నాపబండల షాపున్న బావమరిది రోజూ విసుక్కునేవాడు. అలాంటివాడు ఒకసారి తనే బండి తీసుకెళ్లి సర్వీసింగు చేయించుకొచ్చాడు. నాలుగువేళ్లోడి కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత ఎన్ని రాళ్లు వేసినా వేళ్లు దూరాయి. బండికి వయసు తగ్గిందని ఇంట్లో గొప్పలు పోయాడు.

ఇవాళ వాలులో బ్రేకులు పట్టక బండి గోడను గుద్దుకుంది. మెకానిక్ కింద దూరి చూశాడు.

"తొట్టిని మోసే కమాన్ పట్టీలు అదనంగా ఎవరు వేయించారు? ఇలాగైతే ఎంత బరువేసినా తొట్టి కుంగదు. నీకెలా తెలుస్తుంది?"

అంతలో బావమరిది ఫోన్ చేశాడు. "బండి గుద్దుకుందటగా! రాళ్లు పగల్లేదు కదా బావా?"

నాలుగువేళ్లోడు రాళ్లు దించని ఆ బండి చక్రం మీద చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్లూ సిగ్గులేకుండా దూరాయి.