గవాచి మూత

వాన మొదలవగానే మా అమ్మాయి అడుగుతుంది. "అమ్మా, కిటికీ పెట్టాల్నా?"

నేను జవాబు చెప్పను. ఆమె కాసేపు నా ముఖం చూస్తుంది. "ఇనపడ్తలేదా ఏంది నీకు?" అని విసుక్కుని తనే వెళ్లి కిటికీ మూస్తుంది. పరుపు తడిస్తే ఎండబెట్టాల్సింది తనే కాబట్టి ఆమె కోపంలో న్యాయం ఉంది. పెట్టు అనే చిన్న మాట నా నోట రాదు. ఎందుకు రాదో ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

మేమిప్పుడు వనపర్తిలో ఒక స్లాబు ఇంట్లో అద్దెకుంటున్నాం. ఆమె కాలేజీకి పోతుంది, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మంచి ఇల్లే, వంక పెట్టడానికి లేదు. ఎంత వాన పడ్డా ఒక్క చుక్క కారదు. పక్క పోర్షన్ ఆమె మబ్బు పట్టగానే శనగపిండి కలుపుతుంది. "ఈ వానకు ఎంత హాయిగున్నదక్కా" అంటూ ప్లేటు నిండా బజ్జీలు తెచ్చిస్తుంది. ఆమె మనసు మంచిది, బజ్జీలు ఇంకా మంచివి. అయినా ఆ హాయి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. హాయి ఎట్లా ఉండేదో నాకు తెలుసు కాబట్టే మండుతుంది.

నా పుట్టిల్లు గద్వాల దగ్గర. అది రేకుల ఇల్లు. వాన వస్తే ఆ చప్పుడుకు సైగలు తప్ప మాటలుండేవి కావు. పెళ్లయి పెబ్బేరు దగ్గరి పల్లెకు వస్తే అత్తగారిది మట్టిమిద్దె. మొదటి వానకు నేను భయపడ్డాను, ఏ చప్పుడూ లేదని. వాన పడుతోందని వాసన వస్తే తప్ప తెలిసేది కాదు. ఆ మిద్దెకు నడుమ ఒక గవాచి ఉండేది. పైకప్పులో జానెడు వెడల్పున వదిలిన కంత. ఇంట్లోకి వెలుతురు దాన్నుంచే రావాలి, పొయ్యి పొగ దాన్నుంచే పోవాలి. వాన చినుకు పడిందంటే ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి దాని మీద రేకుమూత పెట్టి, గాలికి ఎగరకుండా రాయి ఉంచాలి.

ఆ పని మా ఆయనది. పెళ్లయిన ఏడాది ఒకసారి చినుకులు పడగానే ఉరికి పైకెక్కి మూత పెట్టేశాడు. కింద నేను పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తున్నాను. ఇల్లంతా పొగ కమ్మింది. కళ్లు మండి, దగ్గుకుంటూ వాకిట్లోకి వచ్చి నోటికొచ్చినట్లు తిట్టాను. కొత్త కోడలినని కూడా చూసుకోలేదు. ఆయన మిద్దె అంచున తడుస్తూ నిలబడి, "చెప్తే అయిపాయె గదా, గింత లొల్లి ఎందుకు?" అన్నాడు. "అడిగితే అయిపాయె గదా" అన్నాను నేను.

అప్పటి నుంచి అడగడం అలవాటైంది. పైకెక్కి, మూత చేత్తో పట్టుకుని, గవాచిలోంచి తల వంచి అడిగేవాడు. "పెట్టాల్నా?" నేను పొయ్యిలో కట్టెలు బయటికి లాగి, అగ్గిపెట్టె చేతికి దొరికేలా పెట్టుకుని, పైకి చూసి "పెట్టు" అనేదాన్ని. మూత పడేది, ఇల్లు చీకటయ్యేది. తర్వాత గ్యాసు పొయ్యి వచ్చింది, పొగ పోయింది. అడగడం మాత్రం పోలేదు. కొన్నిసార్లు నేను పెట్టు అన్నా పెట్టేవాడు కాదు. నా నెత్తి మీద నాలుగు చినుకులు పడేదాకా ఆగి పళ్లికిలించేవాడు. మబ్బు ఎప్పుడూ గద్వాల దిక్కు నుంచే వచ్చేది. "మీ అమ్మగారోళ్లు పంపిన్రు, జర తీసుకో" అనేవాడు. "పెడ్తవా, నేనే పైకి రావాల్నా?" అని అరిస్తే అప్పుడు మూసేవాడు. నీళ్లు కారుకుంటూ దిగివచ్చి రొట్టె, పచ్చికారం ముందేసుకుని కూర్చునేవాడు. చీకట్లో దీపం, వేడి రొట్టె, పక్కన తడిసిన మనిషి. నాకు ఇల్లంటే అదే.

ఏటా వానలు మొదలయ్యే మిరుగం కార్తె లోపల మిద్దెకు చౌడు ఎక్కించేవాళ్లం. చౌడుమట్టి తెచ్చి పైన పరిచి తొక్కితే వాననీళ్లు లోపలికి దిగవు. నేను గంపలు అందిస్తే ఆయన పరిచేవాడు. తర్వాత ఇద్దరం కలిసి తొక్కేవాళ్లం. ఆయన ఏ మూలనూ వదలడు. నాకు నడుము పట్టుకుపోయి ఇక చాలంటే, "కారితే నీ మంచం మీదనే కారుతది, నాకేంది?" అనేవాడు. మంచం ఇద్దరిదీ ఒకటే అని గుర్తుచేయాల్సి వచ్చేది.

పోయినేడు ఎండాకాలంలో ఆయన కడుపులో గడ్డ ఉందని తేలింది. హైదరాబాదు దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాట విన్నాక మేమిద్దరం బస్సులో ఊరు వచ్చేదాకా పల్లీలు తింటూ కూర్చున్నాం. అమ్మాయి అప్పుడు ఇక్కడే, వనపర్తి హాస్టల్లో ఉండేది. పరీక్షలు అయ్యేదాకా దానికి చెప్పొద్దన్నాడు.

వెలుతురు కావాలని మంచం గవాచి కింద వేయించుకున్నాడు. ఆ ఏడు చౌడు పక్కింటివాళ్లు ఎక్కించారు. వాళ్లు పైన తొక్కుతుంటే కింద పడుకుని ఆ అడుగుల చప్పుడు విన్నాడు. "తూర్పు మూలకు తొక్కుతలేరు, చెప్పు పో" అన్నాడు. నేను చెప్పాను. వాళ్లు నవ్వి, తొక్కాం వదినా అన్నారు. మొదటి వానకే తూర్పు మూల కారింది. నేను అక్కడ గిన్నె పెడుతుంటే ఆయన ముఖంలో ఎంత సంతోషమో. అన్ని రోజుల తర్వాత గెలిచినట్లు నవ్వాడు.

ఆ వాన నుంచి నిచ్చెన ఎక్కడం నా వంతైంది. అన్నేళ్ల కాపురంలో వానలో నేను గవాచిలోంచి కిందికి చూడటం అదే మొదలు. అంతకుముందు పైన ఆయన, కింద నేను. ఇప్పుడు కింద మంచంలో ఆయన ముఖం, చిక్కిపోయి, తెల్లబడి, నా వైపే చూస్తూ. పక్కన కూర్చున్నప్పుడు అంత చిక్కినట్లు కనపడలేదు. ఎట్లాగో అడిగాను. "పెట్టాల్నా?"

"జర ఆగు" అన్నాడు. చెయ్యి చాపి చినుకులు పట్టుకున్నాడు. ముఖానికి రుద్దుకున్నాడు. "మీ అమ్మగారోళ్లు నన్ను కూడా యాది చేసిన్రు" అన్నాడు. తర్వాత "ఇగ పెట్టు, నువ్వు తడుస్తున్నవు" అన్నాడు. మూత పెట్టి, ఆ రాయి పక్కనే కూర్చుని, వానలో బాగా ఏడ్చాను. ఏడ్చినట్లు కనపడదు కదా, వానకు ఆ ఒక్క మేలుంది.

ఆ తర్వాత ప్రతి వానకూ అట్లాగే జరిగింది. నేను అడగడం, ఆయన జర ఆగమనడం, నాలుగు చినుకులయ్యాక పెట్టమనడం. మబ్బు పడితే సంతోషపడేవాడు. నేను కూడా మబ్బు కోసం చూసేదాన్ని, సిగ్గు లేకుండా.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం తెరిపి ఇస్తే, వెలుతురు కోసం మూత తీశాను. గంజి రెండు చెంచాలు తాగాడు. నేను గిన్నె కడుగుతుంటే మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పైకెక్కి మూత పట్టుకుని అడిగాను.

"పెట్టాల్నా?"

జర ఆగు అంటాడని ఆగాను. వాన పెద్దదైంది. మళ్లీ అడిగాను. కళ్లు నా వైపే ఉన్నాయి. ఆ కళ్లలో చినుకులు పడుతున్నాయి. ఆయన రెప్ప వేయలేదు.

నేను మూత పెట్టలేదు. పెట్టు అనకుండా ఎట్లా పెడతాను? పైనుంచి అడుగుతూనే ఉన్నానట. నా అరుపులు విని చుట్టుపక్కలవాళ్లు వచ్చి నన్ను కిందికి దించారు. అప్పటికే ఆయన దుప్పటి తడిసిపోయింది. పక్కింటాయన పైకెక్కి మూత పెట్టేశాడు. ఎవరినీ అడగలేదు. ఇల్లు చీకటైంది.

ఇది జరిగి ఏడాది అయింది. నిన్న సాయంత్రం వనపర్తిలో వాన కొట్టింది. అమ్మాయి చదువుకుంటున్నదల్లా లేచి వచ్చింది. నేను మిషన్ ఆపి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. జల్లు లోపలికి కొడుతోంది. నా ముఖం, జాకెట్టు చేతులు తడిశాయి.

"అమ్మా, పరుపు తడుస్తున్నది. పెట్టాల్నా?"

చెయ్యి బయటికి చాపాను.

"జర ఆగు" అన్నాను.