దిమ్మ మీద తల్లి పేరు

కొత్తపేట రోడ్డులో, మా ఊరి సెంటర్లో, సరిహద్దు పోరులో చనిపోయిన మా ఊరి సైనికుడికి విగ్రహం పెడుతూ, దిమ్మ మీద చెక్కించడానికి ఆయన కుటుంబ చరిత్ర రాసిపెట్టమని కమిటీవాళ్లు నన్ను అడిగారు. రిటైరైన తెలుగు మాస్టార్ని కదా, ఊళ్లో ఏ రాతపనైనా నా నెత్తినే పడుతుంది.

ఆయన చెల్లెలు ఊరి చివర క్రైస్తవుల పేటలో ఉంది. పెద్దావిడ. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లే ఊళ్లోవాళ్ల చేలల్లో నాట్లు ఊడ్చి, కోతలు కోసి, ఇద్దర్నీ పెంచిందట. కొడుకు మిలట్రీలో చేరి మంచుకొండల్లోనే ఉండిపోయాడు. శవం కూడా రాలేదు. తన సమాధి పక్కన వాడికి చోటుంచమని చెప్పి ఆ తల్లి కన్నుమూసింది. ఏటా సమాధుల పండక్కి ఈవిడ అమ్మ సమాధికి సున్నం వేసి, పక్కనున్న ఆ ఖాళీ నేల మీద కూడా ఒక కొవ్వొత్తి వెలిగిస్తుంది.

"మా అమ్మ పేరు రాయించండి మాస్టారండీ. ఇంకేం వద్దండి" అంది.

"ఆయ్, రాయిస్తానమ్మా" అన్నాను.

నేను రాసింది చదివి కమిటీ పెద్దమనిషి మొహం చిట్లించాడు. "కూలి, పేట, ఇవన్నీ ఎందుకండీ మాస్టారూ? రైతు కుటుంబం అని రాసేద్దారి, గౌరవంగా ఉంటాది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరికి గౌరవం? ఆ తల్లి నాట్లు వేసింది వీళ్ల తాతల చేలల్లోనే! కొడుకు ప్రాణం పుచ్చుకోవడానికి లేని నామోషీ, తల్లి కూలి చేసిందనడానికి వచ్చిందా? గట్టిగానే అరిచాను. "చూద్దారి లెండి" అన్నారు కమిటీవాళ్లు.

ఎలా చూశారో ఆవిష్కరణ నాడు తెలిసింది. దాతల పేర్లన్నీ బంగారు అక్షరాల్లో బారుగా ఉన్నాయి. కింద 'రైతు కుటుంబంలో జన్మించి' అని ఒక్క ముక్క. తల్లి పేరు లేదు.

చెల్లెలు కొవ్వొత్తి తెచ్చుకుని దిమ్మ దగ్గర వంగింది. కమిటీ మనిషి ఒకడు పరుగున వచ్చాడు. "మామ్మగారూ, ఇక్కడొద్దండి. గ్రానైటు మీద మైనం పడితే వదలదండి."

ఇంత మర్యాదగా మనిషిని పక్కకి నెట్టడం మావాళ్లకే చేతనవును. నేను మైకు దగ్గరికి వెళ్లబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నాకు చదువు రాదండి. మా అమ్మ పేరు రాసేరాండీ?"

లేదన్నాను.

ఆవిడ కొవ్వొత్తిని మళ్లీ కొంగులో చుట్టుకుంది.

"అయితే మా అన్నయ్య ఇక్కడ లేడండి. అమ్మ దగ్గరే ఉన్నాడు" అని సమాధుల వైపు నడిచింది.