పసుపు కింద దొర మాట

మీ ఊరి బడి గోడలోని శిలాఫలకానికి దండ వేశారు సరే, దానిమీద ఏం రాసి ఉందో ఎప్పుడైనా చదివారా?

నేను చదవలేదు. భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఆ బడిలోనే నాకు అక్షరాలు వచ్చాయి. రెండువేల దశకం మొదట్లో అక్కడికే మాస్టరుగా వెళ్లాను. పెంకుల మీద వాన చప్పుడు, తడిసిన టేకు తలుపుల వాసన నా చిన్నప్పటిలాగే ఉన్నాయి.

బడి కట్టించింది తెల్లవాళ్ల కాలంనాటి దొర. గోదావరిలో టేకు దుంగలు తేలవేసి, దిగువకు చేర్చి అమ్మి, వేల ఎకరాలు సంపాదించాడు. బాటసారులకు సత్రం, జ్వరాలకు దవాఖానా కూడా ఆయనవే. మా నాయనమ్మ చెప్పేది: "మంచోడే బిడ్డా. బడి తెరిచిన నాడు పిల్లలతోటి చాప మీద కూసున్నడు. గీ రాళ్లు మాత్రం మీ తాత మోసిండు. గంజి పోసిన్రు గంతే, కూలి ఇయ్యలే." రెండు మాటలూ ఒకే ఊపిరిలో అనేది. రెండూ నిజమేనని నా నమ్మకం.

ఏటా బడి తెరిచే రోజున ఊరివాళ్లు ఆ ఫలకానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. ఏళ్ల తరబడి పేరుకున్న పసుపు కింద అక్షరాలు పూడిపోయాయి.

మధ్యాహ్న భోజనం మొదలైన ఏడాది, వంటకు గూడెం నుంచి ఒక కోయ ఆమె వచ్చింది. భర్త లేడు, ఇద్దరు బిడ్డలు. ఆ పనే ఆమెకు ఆధారం. బడి కమిటీ పెద్దమనిషి అంటు పేరుతో ఆమెను బడి బావి ముట్టనివ్వలేదు. వాగు నుంచి నీళ్లు మోసుకొచ్చేసరికి రోజూ వంట ఆలస్యమయ్యేది.

"ఇంకోసారి లేటైతే వేరేటోళ్లను పెడతం. దొర బావి ఇది. దొర ఆచారం తప్పం" అన్నాడాయన ఒకరోజు.

సభల్లో మూఢాచారాల మీద విరుచుకుపడే నేను ఆయనతో గంటసేపు వాదించాను. ఆయన కదల్లేదు. ఆమె మాత్రం పొయ్యిలోని బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని ఫలకం దగ్గరికి నడిచింది.

"దొర ఆచారమేందో దొర రాయినే అడుగుదాం సారూ."

"ఏమే! దొర రాయి ముడతవా?" పెద్దాయన అరిచాడు.

"ముట్టకుంట ఎట్ల తోముత పటేలా? ఇన్నేండ్లల్ల దొర మొకం కడిగినోళ్లే లేకపాయె!"

పిల్లలు పకపకా నవ్వారు. ఆమె తోమేకొద్దీ పసుపు పెచ్చులుగా ఊడింది. ఆమెకు చదువు రాదు. "చదువు సారూ" అంది. గట్టిగా చదివాను: ‘ఈ బడియందు అన్ని కులములవారికి ఒకే చాప, ఒకే బావి.’

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని తానూ ఒకసారి చదువుకున్నాడు.

"గిట్ల రాసిండని మాకెవరు చెప్పిన్రు?" అని గొణిగి, "ఇగ తోడుకో పో, పిల్లలకు ఆకలైతాంది" అన్నాడు.

ఆ రోజు పప్పులో ఉప్పు తక్కువైంది. అయినా ఎక్కడ పప్పన్నం తిన్నా నాకు ఆ పూటే గుర్తొస్తుంది.

రాళ్లు మోసినవాళ్ల ఊసు ఆ ఫలకం మీద లేదు. ఆ తప్పు దొరది. రాసిన ఒక్క మంచి మాటనూ పూజ చేసి పూడ్చిపెట్టిన తప్పు మనది.

రేపు పొద్దున్నే మీ ఊరి బడికి పొండి. దండ వద్దు, నీళ్లూ పీచూ పట్టుకుపోండి. ఫలకం తోమండి. ఊరందరికీ వినబడేలా చదవండి. రాసినట్టు నడవకపోతే అక్కడే నిలబడి అడగండి.