ఖాసింబీ కుట్టిన కాజాలు

2002. కదిరిలో వకీలుగా బోర్డు కట్టి ఆరేండ్లు. అప్పటికి నా దగ్గరికి కేసులకన్నా ఉచిత సలహాలకొచ్చేవాళ్లే ఎక్కువ.

తనకల్లు నుంచి ఖాసింబీ వచ్చింది. యాభై దాటింటాయి. ముప్పై ఏండ్లు కాపురం చేసిన భర్త, టైలర్ బాషా, రిజిస్టర్డ్ పోస్టులో తలాక్ పంపినాడు. వెనకే మనియార్డరు: నిఖానాడు ఒప్పుకున్న మెహర్ ఐదు వందలు, ఇద్దత్ అనే మూడు నెలల గడువుకు తిండి ఖర్చు. నాలుగో నెల నుంచి ఆకలి కాదని ఆయన నమ్మకం.

"ఇప్పుడు యాడుంటాండావమ్మా?"

"తమ్మునింట్లో సార్. వాడేమీ అనడు. వాని పెండ్లాం కూడా ఏమీ అనదు, నేను తినేలోపే గిన్నెలు ఎత్తేస్తాది."

ముస్లిం మహిళల చట్టం ప్రకారం భర్త ఆ మూడు నెలల్లోపే ఆమె మిగతా బతుక్కంతా ఏర్పాటు చేయాలి. దాన్ని ‘ఫెయిర్ ప్రొవిజన్’ అంటారు. అంతకుముందు ఏడాదే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేసినాను. ‘ఏ పనీ రాని నిస్సహాయురాలు’ అని రాసినాను. ఎవరూ చదవరనే ధైర్యంతోనే వకీళ్లం అట్లాంటి వాక్యాలు రాస్తాం. బాషా తన కౌంటర్‌లో, అంటే జవాబులో, ‘ముప్పై ఏండ్లు కూర్చోబెట్టి పోషించినాను’ అన్నాడు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు అడిగినాడు: "ఏమమ్మా, నీకు ఏ పనీ రాదంటనే?"

ఖాసింబీ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూసినాను.

"ఎవరప్పా చెప్పింది? ఆ అంగట్లో ప్రతి చొక్కాకీ కాజాలు కుట్టింది నేనే. పేరు ఆయనది."

"అయితే సంపాదించుకోగలవు" అని ఆ వకీలు తృప్తిగా కూర్చున్నాడు. కేసు పోయిందనుకున్నాను.

మేజిస్ట్రేటు తలెత్తినాడు. "ఇప్పుడూ కుడతావా?"

"కండ్లు ఆనవు సార్. సూదిలో దారం ఎక్కియ్యలేను."

తర్వాత బాషా బోనెక్కినాడు. కాజాలకు కూలి ఎంతిస్తాంటివని అడిగినాను.

"ఇంట్లో ఆడమనిషికి కూలేంది సార్? ఎవరన్నా వింటే నవ్వుతారు."

ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు చాలాసేపు రాసుకున్నాడు.

బాషాకు అంగడి కాక బాడుగకిచ్చిన రెండు గదులున్నాయి. అవీ, ఆమె కూలి లేకుండా చేసిన ముప్పై ఏండ్ల పనీ చూసి, ఎనభై వేలు ఒకేసారి కట్టమని తీర్పొచ్చింది. సణుగుతూ రెండుసార్లుగా కట్టినాడు. ఖాసింబీ తనకల్లులోనే ఒక గది బాడుగకు తీసుకుంది, సొంత గిన్నెలతో.

ఆ తర్వాత, ఏం పనులు చేసేదానివమ్మా అని అడగకుండా ఏ ఆడమనిషి పిటిషనూ రాయలేదు. ఖాసింబీకి ఏమీ చేతకాదని కోర్టుకు రాసిచ్చింది ఇద్దరమే, ఆమె భర్త, నేను. నేనైతే ఆమె దగ్గరే ఫీజు తీసుకుని రాసినాను.